వెడ్జ్ సంచిలోంచి తీయని రోజు

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌కి బయల్దేరినప్పుడు స్కోరు గురించి ఆలోచనే లేదు. అక్కడి ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలో ఒక్కసారి ఆడితే చాలనుకున్నాను. పదకొండేళ్ళుగా గోల్ఫ్ ఆడుతున్నా నా బెస్ట్ 93 దెబ్బలు (గోల్ఫ్‌లో ఎంత తక్కువైతే అంత మంచిది). మామూలు రోజుల్లో వందకి అటూ ఇటూ. అక్కడ ఆడాలంటే బ్యాలెట్‌లో పేరు రావాలి, రెండు రోజుల ముందు డ్రా తీస్తారు. రెండుసార్లు రాలేదు. మూడోసారి, శుక్రవారానికి, నాకూ నా స్నేహితుడికీ వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర చేతులు చల్లబడ్డాయి. మొదటి హోల్‌కీ పద్దెనిమిదో హోల్‌కీ ఫెయిర్‌వే (బంతి కొట్టుకుంటూ వెళ్ళే గడ్డి దారి) ఒకటే, మైదానమంత వెడల్పు. అయినా వెనక నిలబడి చూసేవాళ్ళుంటే ఆ టెన్షన్ వేరు. మా క్యాడీ, అంటే సంచి మోస్తూ సలహాలిచ్చే ఆయన, అరవై దాటిన మనిషి. "వెళ్ళేటప్పుడు ముళ్ళపొదలన్నీ కుడివైపే. అనుమానమొస్తే ఎడమకి కొట్టండి" అన్నాడు. అలాగే కొట్టాను. రెండో షాట్ స్విల్కన్ వాగు దాటి గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద పడింది. రెండు పట్లు (గుంతలోకి దొర్లించే దెబ్బలు), పార్, అంటే ఆ హోల్‌కి లెక్కకట్టిన దెబ్బల్లోనే ముగిసింది.

అసలు సంగతి రెండో హోల్‌లో మొదలైంది. బంతి గ్రీన్‌కి పాతిక గజాల ఇవతల ఆగింది. అలవాటుగా శాండ్ వెడ్జ్ (బంతిని గాల్లోకి ఎత్తుగా లేపే కర్ర) తీశాను. క్యాడీ దాన్ని మెల్లగా నా చేతిలోంచి తీసుకుని సంచిలో పెట్టేసి పట్టర్ (బంతిని నేల మీద దొర్లించే కర్ర) ఇచ్చాడు. "గాల్లోకి లేపకండి, దొర్లనివ్వండి."

అక్కడి నేల ఇసుక నేల. వాన నీళ్ళు నిలవవు, పైన గడ్డి పొట్టిగా, కింద నేల గట్టిగా ఉంటుంది. వెడ్జ్ అడుగు ఆ గట్టి నేలకి తగిలి ఎగిరి బంతి నడుముకి కొడుతుంది, బంతి గ్రీన్ దాటి పోతుంది. సరిగ్గా తగిలినా సముద్రపు గాలి ఎటు తోస్తుందో చెప్పలేం. మెత్తటి గడ్డి మీద నేర్చుకున్న నాకు ఇది కొత్త. పట్టర్‌తో గట్టిగా తోశాను. బంతి రెండు గుట్టలెక్కి దిగి, జెండాకి మూడడుగుల దూరంలో ఆగింది. తర్వాత ఆ రోజంతా వెడ్జ్ అడగలేదు.

అక్కడ ఏడు గ్రీన్‌లు జంట గ్రీన్‌లు. ఊరికి దూరంగా వెళ్ళే హోల్, తిరిగొచ్చే హోల్ ఒకే గ్రీన్‌ని పంచుకుంటాయి; ఏ జంట అంకెలు కలిపినా 18 వస్తుంది. అయిదోదీ పదమూడోదీ కలిసిన గ్రీన్ మీద నా బంతి నుంచి జెండా దాకా అడుగులు లెక్కపెడితే నలభై రెండు! మూడు పట్లు పట్టాయి, అయినా బాధ అనిపించలేదు. మొదటి తొమ్మిది హోల్‌లకీ కలిపి 42 దెబ్బలు.

పదకొండో హోల్‌లో, 1921 ఓపెన్ టోర్నమెంట్‌లో ప్రసిద్ధ అమెరికన్ ఆటగాడు బాబీ జోన్స్ విసిగిపోయి బంతి జేబులో వేసుకుని ఆట వదిలేశాడు. తర్వాత 1927లో అక్కడే ఓపెన్ గెలిచాడు. గ్రీన్ ముందున్న ఆ బంకర్లని (ఇసుక గుంతల్ని) చూస్తే ఆయన కోపం అర్థమైంది. నాకు పార్ వచ్చింది. పద్నాలుగులో హెల్ బంకర్‌ని తప్పించుకోడానికి పక్క ఫెయిర్‌వేలోకి కొట్టాను, ఆరుతో బయటపడ్డాను.

పదిహేడు భయపెట్టే హోల్. షెడ్డు కప్పు మీదుగా డ్రైవ్, అంటే మొదటి దెబ్బ, కొట్టాలి. గ్రీన్ ముందు లోతైన బంకర్, వెనక రోడ్డు. గ్రీన్‌కి గురి పెట్టకుండా కుడివైపు ముందే ఆపమన్నాడు క్యాడీ. అక్కడినుంచీ పట్టరే. అయిదు. ఇద్దరం చేతులు కలుపుకున్నాం.

పద్దెనిమిదిలో రెండో షాట్ వ్యాలీ ఆఫ్ సిన్‌లోకి, గ్రీన్ ముందున్న ఆ పల్లంలోకి దొర్లిపోయింది. "ఇంకా గట్టిగా, మీరనుకున్నదానికంటే గట్టిగా" అన్నాడాయన. బంతి గట్టెక్కుతుంటే ఊపిరి బిగబట్టాను. నాలుగడుగుల దూరంలో ఆగింది. ఆ చివరి పట్ గుంతలో పడింది.

మొత్తం 85. నా స్నేహితుడు కార్డు రెండుసార్లు కూడి, "నిజమేరా!" అని అరిచాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆదివారం ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు, ఎవరైనా వచ్చి నడవొచ్చు. పొద్దున్నే వెళ్ళాను. నా బంతి ఆగిన పల్లంలో ఇద్దరు పిల్లలు గట్టు మీదనుంచి దొర్లుకుంటూ ఆడుతున్నారు. వాళ్ళు లేచి వెళ్ళేదాకా ఆగి, ఆ గట్టుని ఒకసారి అరచేత్తో నిమిరి వచ్చాను.