కువైట్: ఇంటి తగవు, సరిహద్దు కాపలా

మా కడప ప్రాంతంలో కువైట్ అనగానే దినార్ మారకం విలువ గుర్తుకొస్తుంది గాని, ఆ దేశాన్ని ఏలే అల్ సబా వంశం గురించి మాట్లాడేవారు అరుదు. కాని 1990 ఆగస్టు 2న సద్దాం హుసేన్ సైన్యం అక్కడికి చొరబడినప్పుడు, జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తిరిగివచ్చిన సుమారు 1,70,000 మంది భారతీయుల్లో తెలుగువారూ ఉన్నారు. అందువల్ల ఆ సింహాసనం ఎంత గట్టిదన్నది మనకూ పట్టే విషయమే.

1899 నాటి ఒప్పందంతో విదేశీ వ్యవహారాలను బ్రిటిష్‌వారికి అప్పగించిన కువైట్ 1961లో స్వతంత్రమైంది. కొద్ది రోజులకే ఇరాక్ ఆ గడ్డ తనదేనని ప్రకటించడంతో బ్రిటిష్ దళాలు తిరిగి దిగవలసి వచ్చింది. అది మొదలు పాలకులు ఒక్కరినే నమ్ముకోలేదు. 1987లో, ఇరాన్-ఇరాక్ యుద్ధకాలంలో, తమ చమురు నౌకల రక్షణకు మాస్కోనూ వాషింగ్టన్‌నూ కూడా ఆశ్రయించారు. మాస్కో ముందుకు రావడం చూశాక అమెరికా తానే 11 నౌకలపై తన జెండా ఎగరేసింది. అంతటి నేర్పూ 1990లో దేశాన్ని కాపాడలేకపోయింది. నేటి కాపలా 1991లో అమెరికాతో కుదిరిన రక్షణ ఒప్పందానిది, కువైట్‌లోని అరిఫ్‌జాన్ శిబిరంలో ఉన్న అమెరికా సైనికులది.

అయితే ఆ సైనికులు చూసేది సరిహద్దును; వారసత్వపు తగవు తీర్చడం వారి పని కాదు. 2006 జనవరి 15న అమీర్ (దేశాధిపతి) జాబర్ మరణించగా, వారసుడైన సాద్ తీవ్ర అనారోగ్యంతో ప్రమాణ స్వీకారం చేయలేని స్థితిలో ఉన్నారు. రాజకుటుంబం లోలోపల ఎంత మల్లగుల్లాలు పడినా తేలని ఆ చిక్కును, 1962 రాజ్యాంగం ఇచ్చిన అధికారంతో శాసనసభ జనవరి 24న సాద్‌ను తొలగిస్తూ ఓటేసి తేల్చింది. నాలుగు దశాబ్దాలు విదేశాంగ విధానాన్ని నడిపించిన సబా అల్ అహ్మద్ అమీర్ అయ్యారు. వీధిలో గొడవ లేదు, తుపాకి పేలలేదు. గల్ఫ్‌లో మరే రాచరికానికీ ఇలాంటి వెసులుబాటు లేదని నా అభిప్రాయం.

ఆ సభ మంత్రులను నిలదీసి, బిల్లులను అడ్డుకుని ప్రభుత్వాలను విసిగించిన మాటా నిజమే. 2024 మే 10న అమీర్ మిషాల్ దానిని రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్లకు మించని కాలానికి నిలిపివేశారు. మరుసటి నెలలోనే సబా ఖాలెద్‌ను యువరాజుగా ప్రకటించినప్పుడు, ఆమోదం తెలపడానికి సభ లేదు.