బంతి మీది కుట్లు

2007 అక్టోబరు 28, ఆదివారం రాత్రి. బోస్టన్ శివార్లలోని మా అపార్ట్‌మెంటులో టీవీ ముందు కూర్చుని ఉన్నాను. మెడ దగ్గర బయాప్సీకి కోసిన చోట ప్లాస్టరు ఇంకా తియ్యలేదు. మూడు రోజుల ముందే డాక్టరు రోగం పేరు చెప్పారు. లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్, అందులో డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ అనే రకం. అంతకు ముందు రెండు నెలల పాటు నా వీపు నొప్పికి ఆఫీసు కుర్చీయే కారణమంటూ ఒక క్లినిక్‌లో మాత్రలు ఇస్తూ వచ్చారు. మెడ మీద గడ్డ కనిపించాకే అసలు పరీక్షలు మొదలయ్యాయి.

ఆ రాత్రి డెన్వర్‌లో బేస్‌బాల్ ఫైనల్ పోటీ, వరల్డ్ సిరీస్, నాలుగో మ్యాచ్. ఆఫీసులో నా పక్కన కూర్చునే పెద్దాయన ఫోను చేసి, "ఈరోజు ఆట తప్పకుండా చూడు" అన్నారు. మా బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ తరఫున బంతి విసురుతున్నది జాన్ లెస్టర్, 23 ఏళ్ల ఎడమచేతి పిచర్. టకోమా ఊరి కుర్రాడు. 2002లో రెడ్ సాక్స్ ఎంపిక చేసుకుంటే, నాలుగేళ్లు చిన్న లీగుల్లో ఆడి 2006 జూన్‌లో పెద్ద జట్టులోకి వచ్చాడు. ఆ వేసవిలోనే ఏడు విజయాలు. ఆగస్టులో వీపు నొప్పి మొదలైతే, అంతకు ముందు జరిగిన చిన్న కారు ప్రమాదం వల్ల అనుకున్నారు. పరీక్షల్లో తేలింది లింఫోమా అని. నాది వేరే రకం. కానీ వీపు నొప్పి అన్న మాట వినగానే నేను సోఫాలో నిటారుగా కూర్చున్నాను.

తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఆరో ఇన్నింగ్స్ మధ్య వరకు అతను ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. రెడ్ సాక్స్ 4-3తో గెలిచి కప్పు తీసుకుంది. వీధిలో హారన్లు మోగుతుంటే నేను ఒంటరిగా ఏడ్చాను. జబ్బు సంగతి తెలిశాక అదే మొదటిసారి.

నవంబరులో కీమో మొదలైంది. 21 రోజులకు ఒకటి చొప్పున ఆరు. తెనాలి నుంచి అమ్మ వచ్చింది. నాలుగు మందుల్లో ఒకటి దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. దాన్ని నర్సు సిరంజితో స్వయంగా, నిదానంగా ఎక్కించేది. ఆ తర్వాత ఐదు రోజులు స్టెరాయిడ్ మాత్రలతో నిద్ర ఉండదు. నోరంతా పుండ్లు, మంచినీళ్లకు కూడా ఇనుము రుచి. అమ్మ తెచ్చిన ఆవకాయ జాడీ చలికాలమంతా వాసెన విప్పకుండా అలాగే ఉంది. మెత్తటి పెరుగన్నం మాత్రమే గొంతు దిగేది.

మూడో కీమో తర్వాత వేళ్ల చివర్లు మొద్దుబారాయి. విన్‌క్రిస్టిన్ అనే మందు నరాల మీద చేసే పని అది. చొక్కా గుండీ కనిపిస్తోంది, వేళ్ల మధ్యే ఉంది, కానీ ఉన్నట్టు తెలియదు. బడికి పంపేటప్పుడు పెట్టినట్టు అమ్మే గుండీలు పెట్టేది. ఒక ఆదివారం ఆఫీసు పెద్దాయన వచ్చి నా చేతిలో బేస్‌బాల్ పెట్టారు. చూపుడు వేలు, మధ్య వేలు కుట్లకు అడ్డంగా ఎలా ఆనించాలో చూపించారు. తెల్లటి తోలు మీద ఎర్ర దారంతో 108 జంట కుట్లు. కళ్లు మూసుకుని వేలితో తడిమాను. తోలు ఎక్కడ ఆగిందో, దారం ఎక్కడ మొదలైందో తెలియలేదు. బంతి విసిరేవాడికి ఆ కుట్టు తగలకపోతే చేతిలో ఏమీ లేనట్టే కదా అనుకున్నాను.

జనవరిలోనే ఉద్యోగానికి వెళ్తానని నేను పట్టుపట్టాను. అప్పుడు నన్ను ఆపింది లెస్టర్ 2007 వసంతం. చాలామందికి గుర్తున్నది వరల్డ్ సిరీస్ రాత్రి. నాకు మాత్రం ఏప్రిల్ నుంచి జులై దాకా గడిచిన ఆ నెలలే ముఖ్యం. పెద్ద జట్టులో గెలిచిన మనిషిని దక్షిణ కరొలైనాలోని గ్రీన్‌విల్‌లో చిన్న లీగు జట్టుకు పంపారు, తర్వాత పాటకెట్ జట్టుకు. చిన్న మైదానాల్లో మళ్లీ మొదటి నుంచి ఆడాడు. జులై 23న క్లీవ్‌ల్యాండ్‌లో తిరిగి వచ్చేసరికి చివరి కీమో అయ్యి ఎనిమిది నెలలు. ఆ రోజు గెలిచాడు, అమ్మానాన్నలు స్టాండ్లలో ఉన్నారు. ఒళ్లు కోలుకోవడానికి అంత కాలం పడుతుందని నాకు ఏ డాక్టరు చెప్పినా అంతగా ఎక్కేది కాదు. నేను ఆగాను.

మార్చిలో ఆఖరి కీమో, ఏప్రిల్‌లో స్కాన్. ఎక్కడా ఏమీ లేదు.

2008 మే 19, సోమవారం. రెడ్ సాక్స్ సొంత మైదానం ఫెన్‌వే పార్కులో కాన్సాస్ సిటీతో ఆట, బంతి లెస్టర్ చేతిలో. ఏడో ఇన్నింగ్స్ దాటాక అమ్మ వంటింట్లోంచి వచ్చి, "అందరూ ఎందుకురా నిలబడ్డారు?" అంది.

"ఇప్పటిదాకా అవతలి వాళ్లు ఒక్క హిట్ కూడా కొట్టలేదమ్మా."

కూర్చుంది. 130వ బంతికి చివరి బ్యాటర్ గాలిని కొట్టాడు. ఒక్క హిట్ కూడా లేకుండానే ఆట ముగిసింది. మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా లెస్టర్‌ని గట్టిగా కౌగిలించుకుని చాలాసేపు వదల్లేదు.

"ఆయన వాళ్ల నాన్నా?" అంది అమ్మ.

కాదని చెబుదామంటే గొంతు పెగల్లేదు. చేతిలో బంతి ఉంది. చూపుడు వేలికి దారం గరుకుగా తగిలింది. మధ్య వేలికి ఇంకా లేదు.

జూన్‌లో ఆఫీసుకు వెళ్లిన మొదటి రోజు గుండీలన్నీ నేనే పెట్టుకున్నాను. కాలర్ గుండీ మాత్రం అమ్మ పెట్టింది.