యాభై మొక్కజొన్న గింజలు

నా కళ్ళు పచ్చబడ్డాయని మొదట గమనించింది ఎనిమిదేళ్ళ పిల్లవాడు. పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె తింటున్నవాడు నా ముఖంలోకి అదే పనిగా చూసి, నాయనమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ పెనం మీద రొట్టె తిప్పుతున్న చేయి ఆపి, నన్ను గడప దగ్గరికి, వెలుతురులోకి తీసుకువెళ్ళింది. బొటనవేలితో నా కింది రెప్ప లాగి చూసి, "అమరీయో" అంది. పసుపు.

అది 2019 జూలై 7. మెక్సికో దక్షిణాన వహాకా రాష్ట్రంలో, నోచిస్త్లాన్ పట్టణానికి పైనున్న కొండల్లో ఒక చిన్న ఊరు. ఆ ప్రాంతాన్ని మిస్తెకా ఆల్తా అంటారు. అక్కడివాళ్ళు తమ భాషలో తమను న్యూ సావి అని చెప్పుకుంటారు, అంటే వాన జనం. పేరులో వాన ఉన్నా నేల మాత్రం కోసుకుపోయి, ఎర్రటి ఎముకలు బయటపడినట్టు ఉంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా పడే నాలుగు చినుకులనూ దాచుకుంటేనే మిగతా ఏడాది గడుస్తుంది. నేనూ మరో ఇద్దరు స్నేహితురాళ్ళూ వెళ్ళింది అందుకే. ముగ్గురం నెదర్లాండ్స్‌లో నీటి ఇంజినీరింగ్ కలిసి చదువుకున్నాం. ఒకరిది వహాకా నగరం, ఇంకొకరిది కొలంబియా. బడి పైకప్పు మీద పడే వాన నీటిని నిలవ చేయడానికి ఊరివాళ్ళతో కలిసి ఇరవై వేల లీటర్ల ఫెర్రోసిమెంట్ తొట్టి కట్టాలన్నది మా పని.

కోళ్ళ గూళ్ళకు వాడే సన్నటి ఇనుప వలను గుండ్రంగా నిలబెట్టి, లోపల ఒకరు పలక అడ్డం పెట్టుకుంటే బయట నుంచి మరొకరు తాపీతో గారను వల కన్నాల్లోకి ఒత్తుతారు. గోడ మందం రెండంగుళాలు కూడా ఉండదు, కానీ తడి ఆరకుండా చూసుకుంటే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఊరి పనికి ఇంటికొకరు కూలి లేకుండా రావడాన్ని అక్కడ తెకియో అంటారు. వహాకాలో 570 మునిసిపాలిటీలు ఉంటే, వాటిలో నాలుగు వందలకు పైగా పార్టీల ఎన్నికలతో కాక తమ ఆచారం ప్రకారం, ఊరి సభలోనే పెద్దలను ఎన్నుకుంటాయి. ఆ పదవులకు జీతం ఉండదు. మేం ముగ్గురం ఒక గది పంచుకున్న ఇంటి యజమాని ఆ ఏడాది ఊరి నీటి కమిటీలో సభ్యుడు. ఆయనను తియో అనీ, ఆయన భార్యను, అంటే ఆ పిల్లవాడి నాయనమ్మను, తియా అనీ పిలిచేవాళ్ళం. మన బాబాయి, పిన్ని లాంటి పిలుపులే. ఆవిడ నన్ను "మిహా" అనేది, అంటే "అమ్మాయీ".

కళ్ళు పచ్చబడక ముందే, జూలై 1న జ్వరం వచ్చింది. ఊరు రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉంది కదా, గాలి పడలేదేమో అనుకున్నాను. తరువాత పంది కొవ్వు వాసనకు కడుపులో తిప్పడం మొదలైంది. ఎంతో ఇష్టంగా తినే చిక్కుడు గింజల ముద్ద కంచంలో చూడలేకపోయాను. తాపీ ఎత్తితే భుజం దిగజారేది. మూత్రం టీ డికాక్షన్ రంగుకు వచ్చినప్పుడైనా నాకు అర్థమై ఉండాల్సింది. ఎండలో పనిచేసి నీళ్ళు తక్కువ తాగానని సరిపెట్టుకున్నాను.

ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉన్న డాక్టరు నాకంటే చిన్నది. మెక్సికోలో వైద్యం చదివినవాళ్ళు పట్టా అందుకోవాలంటే ఏడాదిపాటు సామాజిక సేవ చేయాలి. 1936లో మొదలైన పద్ధతి అది. కొండల్లోని చాలా ఊళ్ళకు వచ్చే వైద్యం ఆ ఒక్క ఏడాది పిల్లల చేతుల మీదుగానే వస్తుంది. ఆమె నా కుడి పక్కటెముకల కింద వేళ్ళతో నొక్కి, నేను ఉలిక్కిపడటం చూసి, రక్తం తీసి నోచిస్త్లాన్‌కు పంపింది. ఫలితం రావడానికి రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజులంత పొడుగైన రోజులను నేను మళ్ళీ చూడలేదు. తియా కోడలికి అప్పుడు ఏడో నెల. కాలేయాన్ని వాచేలా చేసే హెపటైటిస్ వైరస్‌లలో ఎ, ఇ రెండూ మలం కలిసిన నీటితో, ఆహారంతో వచ్చేవే. ఎ రకం చాలావరకు పెద్దవాళ్ళను వారాల తరబడి పడుకోబెట్టి వదిలేస్తుంది. ఇ రకం నిండు గర్భిణికి సోకితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. జ్వరం వచ్చే ముందురోజు కూడా ఆ అమ్మాయీ నేనూ ఒకే బల్ల దగ్గర ముద్దలు చేసి తోర్తీయాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, ఒత్తాం. గోడకు తిరిగి పడుకుని, అవతలి గదిలో ఆమె దగ్గినా లేచి కూర్చునేదాన్ని. హెపటైటిస్ ఎ అని తేలిన సాయంత్రం నేను ఏడ్చిన ఏడుపు చూసి, జబ్బు ముదిరిందేమోనని తియా కంగారు పడింది. సంతోషంతో ఏడుస్తున్నానని స్పానిష్‌లో చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు.

మందు లేదని డాక్టరు చెప్పింది. విశ్రాంతి, నీళ్ళు, తినగలిగినంత తిండి. జ్వరం మాత్రలు తనను అడగకుండా వేసుకోవద్దంది. ఇంటికి ఫోను చేస్తే అమ్మమ్మ పసరు మందు అంది, ఉప్పు లేని పథ్యం అంది. అమ్మ ఫోను అందుకుని, "ఆ కేంద్రంలో పుస్తకాలు ఏమైనా ఉన్నాయేమో చూడు" అంది. అమ్మ ఖమ్మం జిల్లాలో పాతికేళ్ళు ఆరోగ్య కార్యకర్తగా తిరిగింది. మా ఇంట్లో అట్ట ఊడిపోయిన "వైద్యుడు లేని చోట" ఉంది, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులోకి తెచ్చినది. డేవిడ్ వెర్నర్ దాన్ని మొదట స్పానిష్‌లో, మెక్సికోలోనే సియెర్రా మాద్రె కొండ పల్లెల కోసం రాశాడు. వెళ్ళి చూస్తే డాక్టరు బీరువాలో అది ఉంది. నా చిన్నప్పుడు నేను రంగులు వేసి పాడుచేసిన బొమ్మలే, అవే గీతలు, చుట్టూ వేరే భాష. కామెర్ల పేజీలో ఉన్నది డాక్టరు చెప్పినదే, అమ్మ చెప్పినదే. మందులు కాలేయానికి ఇంకా చేటు చేస్తాయని ఉంది. చిన్నపిల్లలకు ఈ జబ్బు పైకి కనిపించకుండానే వచ్చి, వాళ్ళ నుంచి ఇతరులకు పాకుతుందనీ ఉంది. ఆ వాక్యం దగ్గర నాకు పిల్లవాడు గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

పథ్యం విషయంలో తియా మా అమ్మమ్మకు తీసిపోదు. కొవ్వు డబ్బా కనిపించకుండా అటక మీద పెట్టేసింది. బెంగుళూరు వంకాయ ఉడికించి ఉప్పు చల్లి పెట్టేది. మనకు బెంగుళూరు పేరుతో తెలిసిన ఆ కాయ పుట్టిల్లు మెక్సికోనే, అక్కడ చయోతె అంటారు. బియ్యం మెత్తగా ఉడికించి దాల్చినచెక్క వేసిన పల్చటి జావ పొద్దుటే కప్పుతో ఇచ్చేది. నాలుగో రోజున ఎర్రటి పానీయం ఒకటి తెచ్చింది. హమైకా అంది. ఒక గుటక వేయగానే నాలుక పక్కలు లాగాయి. ఆ పులుపు నాకు తెలుసు. వంటింట్లోకి వెళ్ళి ఎండబెట్టిన ఆ ఎర్ర రేకులు చూపించమన్నాను. గోంగూర మొక్కకు పూసే పువ్వు కింది దోనెలు అవి. మనం ఆకు తింటాం, వాళ్ళు పువ్వు తాగుతారు. పది రోజులుగా ఏదీ సహించని నోటికి ఆ పులుపు అమృతంలా తగిలింది. రోజుకు మూడు గ్లాసులు తాగేదాన్ని, తియా పంచదార తక్కువ వేసి ఇచ్చేది.

తియా వాళ్ళ అమ్మకు స్పానిష్ అంతగా రాదు. ఒక సాయంత్రం ఆవిడ గుడ్డు, సదాపాకు రెమ్మలు పట్టుకుని వచ్చి నా మంచం పక్కన నిలబడింది. తల నుంచి పాదాల దాకా ఆ గుడ్డుతో నెమ్మదిగా నిమురుతూ, ఆకుతో తడుతూ, లోగొంతుతో ఏదో చదివింది. ఆ చల్లటి పెంకు నా నుదుటి మీద, మెడ వంపులో, దురదతో మండుతున్న మోచేతుల మీద దొర్లుతుంటే చిన్నప్పుడు అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసి నిప్పుల్లో వేసిన వాసన వచ్చినట్టే అనిపించింది. తరువాత గుడ్డును గ్లాసు నీళ్ళలో కొట్టి, దీపానికి ఎదురుగా పట్టుకుని, తెల్లసొనలో లేచిన పోగులను చాలాసేపు చూసింది. జడుపు అని తేల్చింది. ఎక్కడ జడుసుకున్నానని అడిగింది. వచ్చిన రెండో వారంలో వాగు దాటుతూ జారిపడ్డానని చెప్పాను. మర్నాడు తియా ఆ వాగు దగ్గరికి వెళ్ళి, నా పేరు పెట్టి మూడుసార్లు పిలిచి వచ్చిందట. ఆమె అక్కడ నిలబడి నన్ను ఇంటికి రమ్మని పిలవడం తలచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఈలోగా ఊళ్ళో ఒక మాట పుట్టింది. నీటి కమిటీ మనిషి ఇంట్లోనే నీళ్ళు బాగాలేవట, ఇండియా అమ్మాయికి కామెర్లు వచ్చాయట. మాకు సిమెంటు డబ్బులు ఇచ్చినవాళ్ళు కూడా మకాం పట్టణానికి మార్చుకోమని ఉత్తరం రాశారు. ఇంతకంటే బాధ పెట్టినది మరొకటి ఉంది. మొదటి రోజున అమ్మకు నేను పంపిన సందేశంలోనూ "ఇక్కడి నీళ్ళ వల్లే" అని ఉంది. తియా నాకోసం ప్రతి రాత్రీ నీళ్ళు మరగబెట్టి, బిందె మీద గుడ్డ కట్టి మూత పెట్టేది. అది నా కళ్ళతో చూస్తూనే ఆ మాట రాశాను. పేద ఊరు అనగానే జబ్బు అక్కడే పుట్టి ఉంటుందని నా చదువుకున్న బుర్ర క్షణం ఆలోచించకుండా అనేసింది.

డాక్టరును అడిగాను. ఈ వైరస్ ఒంట్లోకి చేరిన తరువాత జబ్బు బయటపడటానికి పదిహేను నుంచి యాభై రోజులు పడుతుందనీ, ఎక్కువగా ఇరవై ఎనిమిది రోజుల ప్రాంతంలో బయటపడుతుందనీ చెప్పింది. ఆ రాత్రి తియాను గింజలు అడిగాను. వాళ్ళ మొక్కజొన్న నాలుగు రంగుల్లో ఉంటుంది. జ్వరం వచ్చిన రోజు నుంచి వెనక్కి లెక్కపెడుతూ, ఊళ్ళో గడిపిన రోజులకు తెల్ల గింజలు ఇరవై రెండు, మెక్సికో నగరంలో ఉన్న అయిదు రోజులకు, ప్రయాణానికి కలిపి నీలం గింజలు ఆరు, అంతకు ముందు హైదరాబాద్‌లో, మా ఊళ్ళో ఉన్న రోజులకు ఎర్ర గింజలు ఇరవై రెండు, బల్ల మీద వరసగా పేర్చాను. జ్వరానికి దగ్గరగా ఉన్న పద్నాలుగు తెల్ల గింజలను పక్కకు జరిపాను, అవి లెక్కలోకి రావు. మిగిలిన వరస మీద తియా వేలు పెట్టి ఒక్కొక్కటే తాకుతూ వెళ్ళింది.

"ఈ ఎనిమిదేనా మావి?" అంది.

ఇరవై ఎనిమిదోది ప్రయాణపు గింజ. దాని వెనకే ఎర్రవి మొదలయ్యాయి. బయలుదేరే ముందు మూడు రోజులూ రోడ్డు పక్క బండి దగ్గర ఐసు వేసిన చెరకు రసం తాగాను, అంతకు ముందు ఒక పెళ్ళిలో రెండు రోజులు తిరిగాను. జబ్బును నేనే మోసుకొచ్చి ఉండవచ్చునని, అది ఎక్కడిదో ఇప్పుడు ఎవరూ తేల్చలేరని చెప్పాను. డబ్బా నీళ్ళు తాగి పెరిగిన నాలాంటి వాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు ఇది సోకదు. అందుకే రక్షణ ఉండదు. దీనికి టీకా ఉంది. భారతీయురాలిని కదా, నాకు అవసరం లేదనుకుని వేయించుకోలేదు. అదీ చెప్పాను.

తియో ఆ గింజలను రంగుల వారీగా చేతి రుమాలులో మూటలు కట్టుకుని ఆదివారం సభకు తీసుకువెళ్ళాడు. నేను లేవలేని స్థితిలో ఉన్నాను. స్నేహితురాళ్ళు వచ్చి చెప్పారు, ఆయన బల్ల మీద వరస పేరుస్తుంటే వెనక ఉన్నవాళ్ళు లేచి ముందుకు వచ్చారని, డాక్టరు కూడా మాట్లాడిందని. ఇద్దరు పెద్దలు మాత్రం గింజలు ఏం చెప్పినా ఊట దగ్గరి తొట్టి కడిగి తీరాలన్నారట. వాళ్ళన్నదీ నిజమే. మరుసటి తెకియోలో కడిగారు, క్లోరిన్ వేశారు.

ఆ యాభై గింజలకు ఇంకో పని మిగిలింది. కామెర్లు కనిపించిన వారానికి నా నుంచి ఇతరులకు సోకే ప్రమాదం దాదాపు పోతుంది. అక్కడి నుంచి యాభై రోజులు ఇంట్లో ఎవరికీ ఏమీ కాకపోతే గండం గడిచినట్టు. జూలై 14 తరువాత పిల్లవాడు రోజూ పొద్దుటే ఒక గింజను ఒక కప్పులోంచి మరో కప్పులోకి వేసేవాడు. నేను మంచం మీద నుంచి వాడి కళ్ళలోకి చూసేదాన్ని. నా బకెట్టు, నా కంచం స్నేహితురాళ్ళు వేరుగా ఉంచి కడిగారు. పొడి మరుగుదొడ్లో నా తరువాత సున్నం, బూడిద వాళ్ళే చల్లారు. ఒక్కరోజు కూడా ముఖం చిట్లించలేదు.

ఆగస్టు మధ్యలో బడిదాకా నడవగలిగాను. దారిలో రెండుసార్లు కూర్చున్నాను. తొట్టి పూర్తయింది, నేను మొదలుపెట్టిన వైపు గోడ కొంచెం వంకరగా ఉంది. లోపల సగానికి పైగా నీళ్ళు. నెలాఖరులో తియా కోడలికి పాప పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

సెప్టెంబరు 2న చివరి గింజ కప్పు మారింది. ఆ రాత్రి తియా యాభై గింజలనూ కడిగి, మర్నాటి రొట్టెల కోసం సున్నపు నీళ్ళలో ఉడుకుతున్న మొక్కజొన్న కుండలో వేసేసింది. పొద్దుట రుబ్బి, మట్టి పెనం మీద కాల్చి మొదటిది బాలింతకు, రెండోది నాకు పెట్టింది. ఉప్పు రాసుకుని తిన్నాను. తెల్లటి రొట్టె మీద అక్కడక్కడ ఎర్ర చుక్కలు, ఒకటి రెండు నీలం. పిల్లవాడు తన రొట్టెలో వాటిని వేలితో వెతుక్కుంటూ, ఎన్ని దొరికాయో నాకు లెక్క చెబుతూ తిన్నాడు.