థర్మోస్టాట్ కొనేముందు గోడలోని వైర్లు చూడండి

నవంబరు నెల వచ్చిందంటే డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్ వంటి ఊళ్లలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "ఏ థర్మోస్టాట్ మంచిదండీ?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. వెంటనే బ్రాండ్ల పేర్లు, బ్లాక్ ఫ్రైడే ధరలు వరుసకడతాయి. ఇంట్లో ఏ రకం ఫర్నేస్ (ఇంటిని వేడిచేసే యంత్రం) ఉంది, గోడలో ఎన్ని వైర్లున్నాయి, పగలు ఇంట్లో ఎవరుంటారు అని మాత్రం ఎవరూ అడగరు. నా దృష్టిలో ముందు తేల్చుకోవలసినవి ఆ మూడే. అవి తేలితే బ్రాండు సంగతి పది నిమిషాల్లో తెమిలిపోతుంది.

థర్మోస్టాట్ వేడిని పుట్టించదు. గది ఉష్ణోగ్రత మనం పెట్టిన అంకె కంటే తగ్గితే ఫర్నేసును వెలిగించమనీ, ఆ అంకెకు చేరితే ఆపమనీ చెప్పే స్విచ్చు మాత్రమే అది. మిషిగన్‌లో ఎక్కువ ఇళ్లను వేడిచేసేది సహజవాయువుతో నడిచే ఫర్నేస్. అందులో మామూలు ఒకే దశ రకానికి వెలగడం, ఆరడం తప్ప మరో స్థితి తెలియదు. కాబట్టి బయటినుంచి వణుకుతూ వచ్చి 80 (ఇక్కడి కొలత ఫారెన్‌హీట్) పెట్టినా, 70 పెట్టినా 70కి చేరడానికి పట్టే సమయం ఒక్కటే. మన ఊళ్లో ఏసీని 16 మీద పెట్టి గది తొందరగా చల్లబడుతుందని ఎదురుచూసే అలవాటే ఇక్కడ రూపం మార్చుకుని కొనసాగుతోంది. తక్కువ మంట, ఎక్కువ మంట అని రెండు దశలున్న ఫర్నేసుల్లో గదికీ పెట్టిన అంకెకూ తేడా బాగా ఎక్కువైతే రెండో దశ కాస్త ముందుగా అందుకునే మాట నిజమే. అయినా 80 పెట్టి మరిచిపోతే గంట తర్వాత అందరూ చెమటలు తుడుచుకుంటూ కిటికీ తెరవవలసి వస్తుంది.

ఇంకో నమ్మకం దీనికంటే మొండిది: రాత్రి వేడి తగ్గిస్తే పొద్దున మళ్లీ ఇల్లంతా వేడెక్కించడానికి ఇంకా ఎక్కువ గ్యాస్ ఖర్చవుతుందని. ఇల్లు చిల్లి కుండలాంటిది. నీటి మట్టం ఎంత ఎత్తున ఉంటే కారడం అంత జోరుగా ఉంటుంది. లోపలికీ బయటికీ ఉష్ణోగ్రతలో తేడా తగ్గినప్పుడు గోడల గుండా, కిటికీల గుండా పోయే వేడి కూడా తగ్గుతుంది. పొద్దున తిరిగి ఎక్కించడానికి పట్టే ఇంధనం ఆ ఆదాను మించదు. రోజుకు 8 గంటల పాటు 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గించి పెడితే ఏడాది ఖర్చులో 10 శాతం దాకా మిగలవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. అయితే బయట సున్నా ఫారెన్‌హీట్ కంటే దిగువకు పడిపోయిన రోజుల్లో నేను రాత్రిపూట తగ్గించను, ఎందుకంటే అంతటి చలిలో ఫర్నేస్ ఎడతెగకుండా నడుస్తూ ఉన్నదాన్ని నిలబెట్టడమే గగనం; పొద్దున పైకెక్కడానికి మధ్యాహ్నం అవుతుంది.

ఇక వైర్ల సంగతి. ఫర్నేస్ పక్కన గోడకో, దాని మీదో ఉండే స్విచ్చును ఆపి, తర్వాత పాత థర్మోస్టాట్ మూతను మెల్లగా లాగితే సన్నని రంగు వైర్లు, వాటి పక్కన ఆంగ్ల అక్షరాలు కనిపిస్తాయి. ఆర్ అన్నది 24 వోల్టుల కరెంటు వచ్చే వైరు, డబ్ల్యూ వేడికి, వై ఏసీకి, జి ఫ్యానుకు. ఐదోది సి. స్మార్ట్ థర్మోస్టాట్‌లోని తెర, వైఫై నిరంతరాయంగా పనిచేయడానికి కావలసిన కరెంటుకు తిరుగుదారి అదే. పాత ఇళ్లలో అది కలిపి ఉండకపోవచ్చు. చాలాసార్లు మాత్రం గోడ లోపల, కేబులు తొడుగు చుట్టూ, వాడని వైరొకటి ముడుచుకుని పడుంటుంది. దాన్ని ఇటు థర్మోస్టాట్‌కు, అటు ఫర్నేస్ బోర్డు మీది సి స్క్రూకు బిగిస్తే సరిపోతుంది. సి లేకుండానే నడుస్తామని చెప్పుకునే రకాలు మిగతా వైర్ల నుంచి కొద్దికొద్దిగా కరెంటు లాక్కుని బ్యాటరీ నింపుకుంటాయి. కొన్ని ఇళ్లలో అలా బాగానే నడుస్తాయి, మరికొన్నింటిలో నడిచలికాలంలో బ్యాటరీ అడుగంటి తెర నల్లబడుతుంది. పెట్టెలో సి వైరుకు బదులుగా వాడే అడాప్టర్ ఇచ్చే రకం కొనుక్కోవడం మేలు.

స్విచ్చు ఆపమని అన్నది మర్యాదకు కాదు. కరెంటు ఉండగా ఆర్ వైరు సి వైరుకు తగిలిందంటే ఫర్నేస్ బోర్డు మీద కార్లలో వాడే ఫ్యూజులాంటి చిన్న ఫ్యూజు ఎగిరిపోతుంది. కొత్త థర్మోస్టాట్ పాడైపోయి వచ్చిందనుకుని దుకాణానికి తిరిగిచ్చేవాళ్లలో కొందరి సమస్య నిజానికి ఆ ఫ్యూజే. విప్పేముందు వైర్లను ఫోటో తీసుకోండి. రంగును నమ్మవద్దు, అక్షరాన్నే నమ్మండి. మూత తీయగానే లావుపాటి వైర్లు, వాటి కొసలకు ప్లాస్టిక్ టోపీలు కనిపిస్తే అది 240 వోల్టుల బేస్‌బోర్డు హీటర్ (గోడ అడుగున ఉండే విద్యుత్ హీటర్) కావచ్చు. మామూలు 24 వోల్టుల థర్మోస్టాట్‌ను దానికి తగిలించడం ప్రమాదం, అక్కడితో ఆగి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఓ లేదా బి అన్న అక్షరం దగ్గర వైరు బిగించి ఉంటే ఇంట్లో ఉన్నది చాలావరకు హీట్ పంపు, అంటే బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే యంత్రం అన్నమాట. దానికి పైన చెప్పిన రాత్రి తగ్గింపు సూత్రం యథాతథంగా వర్తించదు. ఒక్కసారిగా ఎనిమిది డిగ్రీలు పెంచమంటే అది చేతకాక ఖరీదైన విద్యుత్ కాయిల్స్‌ను సాయం పిలుస్తుంది, మిగిల్చిందంతా అక్కడే పోతుంది.

రెండంతస్తుల ఇళ్లలో కింద హాల్లో ఒకే థర్మోస్టాట్ ఉంటుంది, నిద్రపోయేది మాత్రం పైన. గదికొక చిన్న సెన్సార్ పెట్టి, రాత్రిపూట పడకగది సెన్సార్‌నే లెక్కలోకి తీసుకొమ్మని చెప్పగలిగే రకానికి కాస్త ఎక్కువ పెట్టడం నాకు వృథా అనిపించదు. దానికి బదులు కింది గదుల వెంట్లు (వేడిగాలి వచ్చే జాలీలు) మూసేస్తే వేడంతా పైకి వెళ్తుందనుకుంటారు గానీ, ఎక్కువ వెంట్లు మూస్తే గాలి ప్రవాహం తగ్గి ఫర్నేస్ అతిగా వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది. థర్మోస్టాట్ వెనుక గోడలో వైర్లు వచ్చే రంధ్రాన్ని కూడా ఒకసారి చూడండి. దానిలోంచి గోడలోని చల్లగాలి వస్తుంటే థర్మోస్టాట్ గదిని కాక ఆ గాలిని కొలుస్తుంది. కొంచెం పుట్టీతో మూస్తే పోతుంది. సంక్రాంతి నాడు అరిసెలు వండుతూ గంటల తరబడి పొయ్యి మీది ఎగ్జాస్ట్ ఫ్యాను నడిపితే అది నూనె వాసనతో పాటు డబ్బు పోసి వేడిచేసిన గాలిని కూడా బయటికి తోస్తుందనీ, ఆ ఖాళీలోకి తలుపు సందుల నుంచి మంచుగాలి వస్తుందనీ గుర్తుంచుకుంటే చాలు. అరిసెలు మానుకోమని నేను చెప్పను.

అన్నిటికంటే పెద్ద చిక్కు మనుషులతోనే. ఇద్దరూ ఆఫీసుకు వెళ్లే ఇంటికి పగటిపూట 62 డిగ్రీలు చాలు. ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నప్పుడు అదే షెడ్యూలు నడిపితే, "చలేస్తోందిరా, ఆ డబ్బాలో కాస్త పెంచు" అని అమ్మ ఆఫీసుకే ఫోన్ చేస్తుంది. కొందరు తల్లులు అదీ చేయకుండా శాలువా కప్పుకుని కూర్చుంటారు. వృద్ధుల శరీరం చలిని తట్టుకోవడంలో బలహీనం. వాళ్లున్న ఇంట్లో కనీసం 68 నుంచి 70 డిగ్రీలు ఉంచాలని ఇక్కడి జాతీయ వృద్ధాప్య సంస్థ సూచిస్తుంది. అందువల్ల పెద్దవాళ్లకు కళ్లద్దాలు లేకుండా కనిపించే అంకెలు, ఫోను అక్కర్లేకుండా చేత్తో తిప్పే చక్రమో గుండీయో ఉన్న రకం ఎంచుకోవాలి. వాళ్లు పెంచినప్పుడు తెర మీద "హోల్డ్" పడితే షెడ్యూలు ఆగిపోతుంది. ఎన్నో ఇళ్లలో ఖరీదైన థర్మోస్టాట్లు నెలల తరబడి అదే హోల్డులో పడి, పాత స్విచ్చు చేసిన పనే చేస్తుంటాయి.

థర్మోస్టాట్ మీద మనం పెట్టే అంకె మన ఇంటి సంగతి మాత్రమే కాదని 2019 జనవరి 30న మిషిగన్ అంతటికీ తెలిసింది. ధ్రువపు చలి విరుచుకుపడిన ఆ రోజునే మకోంబ్ కౌంటీలోని రే కంప్రెసర్ స్టేషన్‌లో (గ్యాస్‌ను ఒత్తిడితో గొట్టాల్లోకి పంపే కేంద్రంలో) మంటలు చెలరేగి, నిల్వల నుంచి రావలసిన గ్యాస్‌కు అడ్డుపడింది. థర్మోస్టాట్‌ను 65 డిగ్రీలకో అంతకంటే తక్కువకో దించమని గవర్నర్ గ్రెచెన్ విట్మర్ కోరారు. ఆ రాత్రి ఫోన్లన్నీ అత్యవసర హెచ్చరికతో మోగాయి. జనరల్ మోటార్స్ కర్మాగారాల్లో పని ఆపింది, ఇళ్లలో జనం అంకె తగ్గించారు, గ్యాస్ ఆగకుండా గండం గడిచింది.

ఫర్నేస్‌ను పట్టించుకోకుండా థర్మోస్టాట్‌ను మార్చి లాభం లేదు. చలికాలంలో నెలకోసారి ఫిల్టర్‌ను వెలుతురుకు ఎత్తి చూసి, వెలుతురు రాకపోతే మార్చాలి. సామర్థ్యం ఎక్కువున్న ఫర్నేసుల గొట్టాలు, తెల్లటి ప్లాస్టిక్‌వి, ఇంటి పక్కగోడలోంచి బయటికి వస్తాయి. మంచు తుఫాను తర్వాత వాకిలి కంటే ముందు వాటి చుట్టూ తవ్వాలి. అవి మూసుకుపోతే ఫర్నేస్ ఆగిపోతుంది. ప్రతి అంతస్తులోనూ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం ఉండాలి, ఇందులో బేరం లేదు.

చాలామంది డిసెంబరులో మూడు నాలుగు వారాలు ఇండియా వెళ్తారు. అప్పుడు థర్మోస్టాట్‌ను పూర్తిగా ఆపకండి. 55 డిగ్రీల కంటే కిందికి దించకుండా ఉంచి, బేస్‌మెంట్‌లోని ప్రధాన నీటి వాల్వు కట్టేసి, కుళాయిలు తెరిచి గొట్టాల్లోని నీళ్లు వదిలేయండి. బయటిగోడకు ఆనుకున్న సింకుల కింది అల్మరా తలుపులు తెరిచి ఉంచండి. ఉష్ణోగ్రత 50కి పడితే ఫోనుకు కబురు వచ్చేలా పెట్టుకోండి. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది గనుక ఆ కబురు రాదు. యాప్‌లో "ఆఫ్‌లైన్" అని కనిపిస్తే, విజయవాడలో అర్ధరాత్రి అయినా సరే, తాళం ఇచ్చి వచ్చిన పక్కింటివాళ్లకు ఫోన్ చేయండి.