జ్యేష్ఠ కార్తెలో టమాటా నారు

నెల్లూరు, డిసెంబరు 9

రాత్రంతా జల్లు. తెల్లారి మిద్దె మీద చూస్తే నారు ట్రేలో మూడు మొలకలు పక్కకు వాలి ఉన్నాయి. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. వేలితో లేపితే తెలిసింది, మన్నుకు ఆనుకున్న చోట కాండం గోధుమరంగుకు తిరిగి, దారప్పోగంత సన్నబడిపోయింది. నారుకుళ్ళు. తడి ఆరని మన్నులో పెరిగే శిలీంధ్రం పని ఇది. ఒకసారి మెడ కుళ్ళిన మొలకను ఏ మందూ లేపదు. ఆ మూడు గుంతలూ మన్నుతో సహా ఖాళీ చేసి, ట్రేని జల్లు పడని వరండాలోకి మార్చడమైంది.

విత్తనం పడింది నవంబరు 27న, అనూరాధ కార్తెలో. మన దగ్గర ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది కాబట్టి ఇంతకన్నా ముందు పోస్తే నారు వానపాలు. పోనీ ఫిబ్రవరి దాకా ఆగుదామా అంటే పూత ఏప్రిల్ ఎండలో పడుతుంది. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రిళ్ళు 24కి దిగకపోయినా పుప్పొడి సరిగా పనిచేయదు, పూత పిందె కట్టకుండా రాలిపోతుంది. ఇప్పుడు పోసిన నారు క్రిస్మస్ నాటికి నాటుకు వస్తుంది. సంక్రాంతి దాటాక పూత, ఫిబ్రవరి ఆఖరుకు కాయ.

ట్రేలో ఉన్నది కొబ్బరి పొట్టు రెండు పాళ్ళు, వర్మీ కంపోస్టు ఒక పాలు. పొట్టును మూడుసార్లు కడిగి పిండాలి, దాంట్లో ఉప్పు ఉంటుంది. విత్తనం లోతు అర సెంటీమీటరు, మహా అయితే ఒకటి. లోతుగా వేస్తే పైకి రావడానికే దాని శక్తంతా అయిపోతుంది, మరీ పైపైన వేస్తే విత్తనం తొక్క ఊడదు. ఈ ట్రేలో ఒక మొలక అట్లాగే టోపీ పెట్టుకుని నిలబడింది. గోరుతో లాగితే ఆకు తెగుతుంది. ఒక నీటిచుక్క వేసి, పావుగంట నాననిచ్చి, వేళ్ళ మధ్య మెల్లగా నలిపితే జారి వచ్చేసింది.

కొన్న విత్తనం అర్క రక్షక్. ఆకుముడత, వాడు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్. దాని కాయలోంచి తీసిన గింజ మళ్ళీ అదే గుణంతో రాదు. ఇంట్లో గింజ దాచుకోవాలంటే పూసా రూబీ లాంటి, హైబ్రిడ్ కాని సూటి రకం కావాలి. దాని గుజ్జును గ్లాసులో రెండు రోజులు పులియబెట్టి కడగాలి. గింజ చుట్టూ ఉండే జిగురు మొలకను ఆపుతుంది, పులిస్తే అది ఊడిపోతుంది.

నాటేది 20 లీటర్ల పెయింటు బకెట్లలో, బకెట్‌కు ఒక్క మొక్కే. రెండు పెడితే రెండూ బక్కచిక్కుతాయి. అడుగున బొటనవేలంత బెజ్జాలు ఐదారు. ఎర్రమన్ను, పాతబడిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమంగా కలిపి, పైన గుప్పెడు వేపపిండి. మొక్కను కింది ఆకులు తుంచి, కాండం సగం మన్నులోకి పోయేట్టు నాటాలి. పూడిన కాండమంతా వేళ్ళు పుడతాయి. వంగకు ఇట్లా చేయం గానీ టమాటాకు చేయాల్సిందే.

కాయకు సున్నం అందక అడుగున నల్లటి మచ్చ పడితే గుడ్డు పెంకులు వేయమంటారు. పెంకు కరిగేలోపు పంటే అయిపోతుంది. మన్నులో సున్నం ఉన్నా, ఒకరోజు ఎండబెట్టి మరురోజు ముంచేస్తే అది కాయ దాకా చేరదు. రోజూ పొద్దున ఒకే కొలత నీళ్ళు పోయడమే దానికి మందు. సముద్రం వైపు ఊళ్ళలో బోరునీళ్ళు ఉప్పగా ఉంటే ఆకు అంచులు మాడతాయి, అందుకే ఈ వాననీళ్ళు డ్రమ్ములో పట్టిపెట్టడం మంచిది.

తెల్లదోమే అసలు శత్రువు, ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే. నారు దశలోనే ట్రే మీద సన్నటి దోమతెర కప్పితే సగం బాధ తప్పుతుంది. నాటాక పసుపు జిగురు అట్టలు, వారానికోసారి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట పిచికారీ. ఎండలో కొడితే ఆకు కాలుతుంది.

సాయంత్రానికి వరండాలోని మొలకలు అప్పుడే గేటు వైపు మెడ సాచాయి. రెండు రోజులు ఇక్కడే ఉంటే వెలుతురు కోసం సాగి, నాటేసరికి నడుము నిలవదు. తెల్లారి జల్లు తెరిపిస్తే ట్రే మళ్ళీ మిద్దెక్కాలి. నీళ్ళు మాత్రం వద్దు, పొట్టు ఇంకా వేలికి తడిగానే తగులుతోంది.