పొద్దున్నే పదిహేను నిమిషాలు

నిన్న సాయంత్రం వీడియో సమావేశం ముగిసినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. ఈ ఆవేశం చల్లారకముందే రాసిపెట్టాలని కూర్చున్నాను.

నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో బ్రాంచి మేనేజరును. మండల కేంద్రంలోని ఈ బ్రాంచికి బదిలీ మీద వచ్చి ఏడాది దాటింది. మొత్తం తొమ్మిది మందిమి. వచ్చిన కొత్తలో మొండి బకాయిలకన్నా ఇక్కడి నిశ్శబ్దమే నన్ను ఎక్కువ భయపెట్టింది. పక్క కౌంటరులో కూర్చున్న మనిషికి కూడా వాట్సాప్‌లో సందేశం పెట్టేవారు. మా అటెండరు గారి భార్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోందని నాకు ఆరు నెలలకు గానీ తెలియలేదు. అప్పటికే క్లోజింగ్, అంటే లెక్కల ముగింపు పని, పేరు చెప్పి రెండుసార్లు ఆయన సెలవు తిరస్కరించాను. ఆయన కారణం చెప్పలేదు, నేను అడగలేదు. తెలిసిన రాత్రి అన్నం సయించలేదు.

మర్నాటి నుంచి 9:30కి అందరం ఒకచోట కూర్చోవడం మొదలుపెట్టాం. పదిహేను నిమిషాలు. రోజుకొకరు మొదలుపెట్టాలి, డిపాజిట్లు, లోన్లు, టార్గెట్ల మాట ఎత్తకూడదు. మొదటి వారం ఎవరూ పెదవి విప్పలేదు. రెండో వారం క్యాషియరు తన కూతురి పదో తరగతి భయం గురించి చెప్పాడు. ఆ తర్వాత నేను నడిపించాల్సిన అవసరం రాలేదు.

ఫలితం చెబుతాను. క్యాషులో తేడా వస్తే క్యాషియర్లు గుట్టుచప్పుడు కాకుండా జేబులోంచి వేసేస్తారు, చెబితే పరువు పోతుందని. గత నెల 5,000 తక్కువ వచ్చినప్పుడు మా క్యాషియరు నేరుగా నా దగ్గరికి వచ్చి చెప్పాడు. అందరం వోచర్లు ముందేసుకుని కూర్చున్నాం. 45,000 తీసుకున్న ఒక రైతుకు పది నోట్లు తీయకుండా, ఐదు వందల నోట్లు వంద ఉన్న కట్ట మొత్తం ఇచ్చేశాడని రాత్రి ఎనిమిదింటికి తేలింది. ఫోను చేస్తే ఆయన పొద్దున్నే తెచ్చి ఇచ్చారు. హార్వర్డ్‌లో ఆచార్యురాలైన ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదై కనిపించాయట. అక్కడ వాటిని దాచకుండా చెప్పుకుంటున్నారని తర్వాత ఆమెకు అర్థమైంది. మా బ్రాంచిలో నా కళ్లముందు జరిగింది అదే.

ఈ సంగతి పై ఆఫీసుకు నివేదికలో రాశాను. అదే నేను చేసిన తప్పు.

నిన్నటి సమావేశంలో నలభై మందికి పైగా మేనేజర్లు తెరమీద ఉన్నారు. నా వంతు రాగానే పెద్దాయన ఆ నివేదిక పైకెత్తి పట్టుకున్నారు. "ఈ కబుర్లవల్ల మీ సేవింగ్స్ డిపాజిట్లు ఎంత పెరిగాయమ్మా?" అన్నారు. క్యాషు సంగతి చెప్పబోయాను. "అంకె చెప్పండి" అన్నారు. ఎడ్మండ్‌సన్ పేరు ఎత్తేసరికి, "మీరు నడుపుతున్నది బ్యాంకా, భజన మండలా?" అన్నారు. ఎవరో నవ్వారు. మరి కొందరు అందుకున్నారు. నాతో పాటు ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరిన స్నేహితురాలు కూడా నవ్వింది, చూశాను. పాతికేళ్ల సర్వీసులో ఎప్పుడూ అంత చిన్నబోలేదు. మైకు కట్టేసి, చివరిదాకా తలవంచుకుని నోట్సు రాస్తున్నట్టు పెన్ను కదిపాను. కాగితం మీద ఒక్క అక్షరం లేదు.

ఇలాంటిది మొదలుపెట్టాలనుకునే వాళ్లకు నా మాట ఒకటే. అనుమతి అడగకండి, పేరు పెట్టకండి, నివేదిక రాయకండి. పేరు పెట్టిన మరుక్షణం అంకె అడుగుతారు. చాయ్, బిస్కెట్ల చందాలు కూడా వద్దు. డబ్బు ఇవ్వలేని మనిషి మొదట ఆ పేరుతోనే దూరమవుతాడు. మనుషుల్ని కూడికలు, తీసివేతలుగా చూసేవాళ్లు ఎన్ని మెట్లెక్కినా వాళ్లను నేను నాయకులని అనను. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

ఈరోజు పొద్దున కావాలనే 9:40కి వెళ్లాను. జరగకపోతే జరగకపోయిందిలే అనుకున్నాను. ఎనిమిది మందీ అక్కడే ఉన్నారు, నా కుర్చీ ఖాళీగా ఉంచారు. ఎవరూ మాట మొదలుపెట్టలేదు. ఇన్ని నెలలుగా తలుపు దగ్గర నిలబడి వినే అటెండరు గారు, ఎన్నిసార్లు చెప్పినా కూర్చోని మనిషి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"నిన్న మీ క్యాబిన్ అద్దంలోంచి అన్నీ వినపడ్డాయి మేడం. రాత్రి మా ఆవిడకు కూడా చెప్పాను. ఈరోజు నేను మొదలుపెడతాను" అన్నారు.

9:45 దాటినా ఆపలేదు. క్యాషు కౌంటరు తెరిచేసరికి 10:05 అయింది.