జేజి చేతికే మళ్ళీ లెక్క

మధ్యాహ్నం వరండాలో మా జేజి, అంటే నాన్నమ్మ, చింతపండు గింజలు తీస్తుంటే పూలామె వచ్చింది. జేజి ఆమెతో ఉర్దూలో బేరమాడి, "పోయిన వారంది ఇంగా ఇరవై రావాల" అని తెలుగులో అమ్మకు చెప్పి, వేలి కణుపుల మీద లెక్కేసి చిల్లర ఇచ్చింది. ఇంతసేపూ చేతిలో పని ఆగలేదు. కడపలో పెద్ద దర్గా పక్క సందుల్లో పెరిగిన మనిషికి రెండు భాషలంటే పెద్ద విషయమేం కాదు.

పోయిన నెల ఆమె జారిపడితే తలకు స్కాన్ తీయించాం. దెబ్బేమీ లేదు గానీ, వయసుతో మెదడు కాస్త కుదించుకుపోయిందని రిపోర్టులో ఉంది. ఆ ఒక్క ముక్కకు ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ వయసులో అది మామూలేనని డాక్టరు చెప్పినా నాన్న మనసు కుదుటపడలేదు. "నీకెందుకుమ్మా ఇవన్నీ" అంటూ పాల లెక్క, కిరాణా లెక్క తనే తీసుకున్నాడు. నాకది అస్సలు నచ్చలేదు.

రాత్రి కూర్చుని దీని గురించే చదివాను. వయసు మీద పడితే మెదడంతా ఒకేలా తగ్గదు. నుదుటి వెనక భాగం, జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్ ఎక్కువ తగ్గుతాయి, చూపుకు సంబంధించిన భాగం అంతగా మారదు. పేర్లు గుర్తు రావడం ఆలస్యమవుతుంది, మాటల సంపద మాత్రం నిలుస్తుంది. పైగా ఇది మనిషి మనిషికీ వేరు. 2002లో కబేజా అనే శాస్త్రవేత్త బృందం జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి మెదడు పనితీరు చూసింది. పడుచువాళ్ళు ముందుభాగంలో ముఖ్యంగా ఒక పక్కనే వాడారు. బాగా జవాబులు చెప్పిన పెద్దవాళ్ళలో రెండు పక్కలూ పనిచేశాయి. తడబడిన పెద్దవాళ్ళు పడుచువాళ్ళలాగే ఒక పక్కనే నమ్ముకున్నారు. అంటే తగ్గినదానికి కొన్ని మెదళ్ళు వేరే దారి వెతుక్కుంటాయి.

అమెరికాలో 678 మంది నన్స్ మీద జరిగిన అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. చనిపోయాక చూస్తే కొందరి మెదడు నిండా అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు గుర్తులే, బతికినన్నాళ్ళూ మాత్రం మతి చెదరలేదు.

నన్ను బాగా కదిలించింది మన హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి అధ్యయనం. 2013లో సువర్ణ అల్లాడి గారి బృందం డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, ఉన్న 648 మంది రోగులను పరిశీలించింది. ఒకే భాష వచ్చినవాళ్ళ కంటే రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్ళలోనూ ఆ తేడా ఉంది. మా జేజి కూడా బడికి పోలేదు. రెండు భాషల వల్లే ఈమె ఇంత చురుగ్గా ఉందని తేల్చి చెప్పలేను. కానీ ఫిల్ములో కనిపించే కొలత ఒకటి, ఆ మెదడుతో మనిషి చేసే పని ఇంకొకటి. రిపోర్టు చూసి మనిషి చేతిలో పని లాగేసుకోకూడదు.

ఇదంతా భోజనాల దగ్గర నాన్నకు చెప్పాను. కాసేపు వాదించాడు. "ఏరా, నెయ్యి డబ్బులు రెండుసార్లు ఇచ్చినావు, చూసుకున్యావా?" అని జేజి అడిగింది. ఆయన లేచి లెక్కల పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.